ఆ ఎత్తు ఎదురుగానే ఉంది!

వందేళ్ల కిందటి ఆటలు. ఆడినవాళ్లు లేరు, ఆడిన హాళ్లు లేవు. కానీ ఆ బోర్డు మీద పావులు మాత్రం అలాగే నిలబడి ‘ఇప్పుడు నువ్వయితే ఏం చేస్తావ్?’ అని అడుగుతూనే ఉన్నాయి. ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలో ఓ సరదా ఉంది. ఓ చదువూ ఉంది.

1902. మాంటెకార్లోలో చదరంగం పోటీ. నల్లపావులతో ఆడుతున్నాయన పేరు జార్జ్ మార్కో. వియన్నాలో పేరున్న ఆటగాడు. అంతకన్నా పెద్ద పేరు ఆయన కలానిది. ఓ చెస్ పత్రికకు సంపాదకుడు. ఎవరు ఎక్కడ తప్పు ఆడారో, ఏ ఎత్తు వేసి ఉంటే గెలిచేవారో విడమరిచి రాయడంలో దిట్ట. ఎదురుగా తెల్లపావులతో కూర్చున్నది పోపియెల్.

ముప్పై ఆరో ఎత్తు. పోపియెల్ తన ఏనుగును తెచ్చి మంత్రి వెనకాల నిలబెట్టాడు. మార్కో బోర్డు వంక చూశాడు. నడిమధ్యలో ఉన్న తన బిషప్ మీదికి మూడు పావులు గురిపెట్టాయి. కాపాడటానికి ఉన్నవి రెండే. పోనీ పక్కకు తీద్దామా అంటే, దాని వెనకున్న ఏనుగు పోతుంది. ఉంచినా నష్టమే, తీసినా నష్టమే. ఇంకేముంది... ఓటమి ఒప్పేసుకున్నాడు.

విచిత్రం ఏమిటంటే, ఆ క్షణంలో గెలుస్తున్నది మార్కోయే! ఒక్క ఎత్తు... ఒకే ఒక్క ఎత్తు వేసి ఉంటే లేచి వెళ్లాల్సింది పోపియెల్.

ఇంట్లో బోర్డు ఉంటే అటక మీంచి దించండి. తెల్లపావులు: రాజు హెచ్1, మంత్రి డి3, ఏనుగు డి1, బిషప్ బి1, గుర్రం ఎఫ్5, బంట్లు ఎ2, ఇ4, జి2, హెచ్2. నల్లపావులు: రాజు హెచ్8, మంత్రి ఇ5, ఏనుగు డి7, బిషప్‌లు డి4, బి7, బంట్లు ఎ6, బి5, జి7, హెచ్6. (ఐమూలగా నడిచే ఈ బిషప్‌ను కొందరు శకటు అంటారు, కొందరు ఒంటె అంటారు. పేరేదైనా నడక ఒకటే.) ఎత్తు వేయాల్సింది నలుపు. గెలిచేదీ నలుపే.

ఎలా? తొందరేం లేదు. కాఫీ తాగుతూ ఆలోచించండి. జవాబు చివర్లో.

ఓడినా అచ్చువేశారు

చదరంగానికి ఓ సౌలభ్యం ఉంది. రికార్డింగులు లేని కాలంలో పాట ఎలా పాడారో, నాటకం ఎలా ఆడారో ఇవాళ ఊహించుకోవాల్సిందే. చదరంగం అలా కాదు. ఎత్తులు కాగితం మీద రాసుకుంటే చాలు, ఆట మొత్తం నిలిచిపోతుంది. 1851లో లండన్‌లో జర్మనీకి చెందిన ఆండెర్సెన్ సరదాగా ఆడిన ఓ ఆట అలాగే నిలిచింది. ఓ బిషప్‌ను, రెండు ఏనుగులను, చివరికి మంత్రినీ బలిచ్చి, మిగిలిన చిన్న పావులతో ఆటకట్టు చేశాడాయన. దానికి ‘అమర క్రీడ’ అని పేరొచ్చింది. ఓడిన కీసెరిట్‌స్కీ ఏం చేశాడనుకున్నారు? ఆ ఆటను తన చెస్ పత్రికలో తానే అచ్చువేశాడు. అందమైన ఆటలో ఓడినా ఫరవాలేదనుకున్నాడేమో!

అలాంటి ఆటల్లో కీలకమైన ఘట్టం దగ్గర ఆపి, ‘ఇక్కడ ఏం చేస్తావ్’ అని అడగడమే చెస్ పజిల్. కల్పించి కూర్చిన సమస్యలు వేరే ఉన్నాయి. వాటి అందం వాటిది. కానీ నిజం ఆటలో పుట్టిన ప్రశ్నకు ఓ బరువు ఉంటుంది. ఆ పావుల వెనక ఓ మనిషి కూర్చున్నాడు. చాలాసార్లు పక్కన గడియారం కొట్టుకుంటోంది. భయపడ్డాడు, ఆశపడ్డాడు, కనిపెట్టాడు. లేదా మార్కోలా కనిపెట్టలేకపోయాడు.

ఓ వైపు ఒపెరా... మరో వైపు ఆట

పిల్లలకు మొదట చూపించాల్సిన ఆట ఏదంటే చాలామంది గురువులు చెప్పేది ఒకటే. 1858, ప్యారిస్ ఒపెరా. అమెరికాలోని న్యూఆర్లీన్స్ నుంచి వచ్చిన పాల్ మార్ఫీకి అప్పుడు 21 ఏళ్లు. బ్రన్స్‌విక్ డ్యూక్ ఆయన్ను తన బాక్సుకు పిలిచాడు. వేదిక మీద ఒపెరా జరుగుతుంటే ఇక్కడ ఆట. డ్యూకూ, ఆయన స్నేహితుడైన ఓ కౌంటూ కలిసి ఒక పక్క. మార్ఫీ ఒక్కడే ఇంకో పక్క.

పదిహేడు ఎత్తుల్లో అయిపోయింది. చివరి ఘట్టం చూడండి. నల్లరాజు తన గడిలోంచి ఇంకా కదల్లేదు. రాజు పక్క నిలువు వరస మీద మార్ఫీ ఏనుగు చూపు పడకుండా ఓ నల్లగుర్రం అడ్డంగా నిలబడింది. దాన్ని అక్కణ్నుంచి లేపితే చాలు. కానీ ఎలా లేస్తుంది? మార్ఫీ తన మంత్రిని తీసుకెళ్లి ఆ గుర్రం చంపగలిగే చోటే నిలబెట్టి ‘చెక్’ అన్నాడు. చంపక తప్పదు. చంపాలంటే గుర్రం కదలక తప్పదు. కదిలింది... దారి తెరుచుకుంది. ఏనుగు చివరి గడిలోకి వెళ్లింది. ఆటకట్టు!

అప్పటికి మార్ఫీ దగ్గర రాజు, బంట్లు కాక మిగిలింది ఓ ఏనుగు, ఓ బిషప్. అవతలివాళ్లకు మంత్రి, ఏనుగు, బిషప్, గుర్రం... అన్నీ ఉన్నాయి. ఉండి ఏం లాభం? ఏవీ రాజుకు అక్కరకు రాలేదు. ఎన్ని పావులున్నాయన్నది కాదు, ఎన్ని పనికొచ్చే చోట ఉన్నాయన్నదే లెక్క. ఈ పాఠాన్ని పేజీలకు పేజీలు చెప్పినా పిల్లలకు ఎక్కదు. మార్ఫీ రెండు ఎత్తుల్లో ఎక్కించేశాడు.

మూడు దారులూ మూసేశాడు

1912. అప్పటి జర్మనీలోని బ్రెస్లావ్ (ఇప్పుడది పోలెండ్‌లో ఉంది). అమెరికా ఆటగాడు ఫ్రాంక్ మార్షల్ నల్లపావులతో ఆడుతున్నాడు. ఎదురుగా రష్యాకు చెందిన లెవిట్‌స్కీ. గెలుపు మార్షల్ వైపే మొగ్గింది. ఏదో ఒక మామూలు ఎత్తు వేసినా గెలిచేవాడే. అయితే ఆయన మంత్రిని తీసుకెళ్లి తెల్లరాజు కోటలో, సరిగ్గా బంట్ల మధ్య పెట్టాడు. ఒకటి కాదు, మూడు పావులు దాన్ని చంపొచ్చు!

చూసినవాడికి మతి పోయినట్టనిపిస్తుంది. కానీ లెక్క వేయండి. ఓ పక్క బంటుతో చంపితే గుర్రం గెంతి ఆటకట్టు. మరో పక్క బంటుతో చంపితే గుర్రం చెక్ చెప్పి, వెనకే ఏనుగు వచ్చి ఆటకట్టు. పోనీ మంత్రితోనే చంపితే? గుర్రం చెక్కులు చెబుతూ ఆ మంత్రినే ఎత్తుకుపోతుంది. లెక్క తేలేసరికి తెలుపుకి ఓ పావు తక్కువ. అసలు చంపకుండా వదిలేస్తే? మరుసటి ఎత్తులోనే ఆటకట్టు. లెవిట్‌స్కీ లేచి నిలబడ్డాడు. చూస్తున్నవాళ్లు ఆనందం పట్టలేక బోర్డు మీద బంగారు నాణేలు కురిపించారని ఓ కథ. నిజమెంతో గానీ, ఆ ఎత్తు మాత్రం బంగారమే.

పజిల్ చేసేవాళ్లకు ఈ ఆట నేర్పేది ఇదీ: ‘అక్కడ పెడితే చంపేస్తాడు’ అని ఆలోచన ఆపేయకూడదు. ‘చంపితే చంపాడు, తర్వాత?’ అని ఇంకో మెట్టు దిగాలి. ‘ఎత్తుకు పైఎత్తు’ అని మనం ఊరికే అనేస్తుంటాం. అది నిజంగా ఎలా ఉంటుందో ఇక్కడ కళ్లారా చూడొచ్చు.

కన్ను నేర్చుకునే చదువు

గొప్ప ఆటగాళ్లు ఇరవై ఎత్తులు ముందుకు చూస్తారని చాలామంది నమ్మకం. నెదర్లాండ్స్‌కు చెందిన ఆడ్రియాన్ డి గ్రూట్ మనస్తత్వ శాస్త్రవేత్త, చెస్ క్రీడాకారుడు కూడా. ఆయన మేటి ఆటగాళ్లనూ, వాళ్ల కన్నా తక్కువ స్థాయివాళ్లనూ కూర్చోబెట్టి, ఆలోచిస్తున్నదంతా పైకి చెప్పమన్నాడు. 1946లో వచ్చిన ఆయన పరిశోధన చెప్పిందేమిటంటే... పెద్ద ఆటగాళ్లు మరీ ఎక్కువ ఎత్తులేం లెక్కపెట్టడం లేదు. సరైన ఎత్తునే ముందు చూస్తున్నారు. ఏవి చూడాలో వాళ్ల కంటికి తెలుసు.

1973లో అమెరికాలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ ఇంకో తమాషా చేశారు. (సైమన్ తర్వాత 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు.) నిజం ఆటలోని బోర్డును అయిదు సెకన్లు చూపించి, పావులు ఎక్కడెక్కడున్నాయో మళ్లీ పేర్చమన్నారు. మేటి ఆటగాడు చాలా మటుకు పేర్చేశాడు. కొత్తవాడు తడబడ్డాడు. తర్వాత అవే పావులను ఇష్టం వచ్చినట్టు చల్లేసి చూపించారు. ఈసారి మేటి ఆటగాడికీ, కొత్తవాడికీ పెద్ద తేడా లేదు!

అంటే ఆయనది అద్భుతమైన జ్ఞాపకశక్తి కాదన్నమాట. అక్షరాలు తెలిసినవాడు ‘కలెక్టర్’ అన్న మాటను ఒక్క చూపులో చదివేస్తాడు. అవే అక్షరాలు కలగాపులగం చేస్తే కూడబలుక్కోవాల్సిందే. చదరంగంలోనూ అంతే. పాత ఆటల పజిళ్లు చేయడమంటే ఆ భాషలో మాటలు నేర్చుకోవడం. రాజు మూలన ఇరుక్కున్నాడు - ఒక మాట. రెండు పావులు ఒకే గుర్రం దెబ్బకు దొరికాయి - ఇంకో మాట. కదిలితే వెనకున్న పెద్ద పావు పోతుంది కాబట్టి కదల్లేని పావు - మరో మాట. వేల మాటలు వస్తే గానీ వాక్యం రాయలేం. తన ముగ్గురు కూతుళ్లనూ మేటి క్రీడాకారిణులుగా తీర్చిదిద్దిన హంగరీ తండ్రి లాస్లో పోల్గార్ అచ్చువేసిన పుస్తకంలో 5,334 సమస్యలు, ఆటలు ఉండటం అందుకే కాబోలు.

నూరేళ్ల తర్వాత అదే బాణం

నేర్చిన మాట ఎప్పుడు అక్కరకొస్తుందో చెప్పలేం. 1907లో లోజ్ నగరంలో అకీబా రూబిన్‌స్టైన్ నల్లపావులతో రోట్లెవీ మీద ఓ ఆట ఆడాడు. రెండు బిషప్‌లూ ఐమూలల వెంట తెల్లరాజు కోటకు గురిపెట్టి ఉన్నాయి. ఆయన తన మంత్రిని శత్రువు బంటుకు వదిలేసి, ఏనుగులను ఒకదాని తర్వాత ఒకటి మంటలోకి తోశాడు. రోట్లెవీ దొరికింది దొరికినట్టు చంపుకుంటూ పోయాడు. చివరికి చూస్తే రాజుకు దిక్కులేదు.

2013 జనవరి. నెదర్లాండ్స్‌లోని వైకాన్‌జీలో విశ్వనాథన్ ఆనంద్ నల్లపావులతో లెవాన్ అరోనియన్‌తో తలపడ్డాడు. అవే రెండు బిషప్‌లు, అలాగే రాజు మీదికి గురి. ఆనంద్ ఒకదాని తర్వాత ఒకటి పావులను ఎదుటివాడి నోటికి అందించాడు. 23 ఎత్తుల్లో అరోనియన్ లొంగిపోయాడు. ఆట అయ్యాక ఆనందే రూబిన్‌స్టైన్ ఆటను తలుచుకున్నాడు. ఇందులో ఇంటి దగ్గర ముందే చేసుకున్న తయారీ కూడా కొంత ఉంది. అయినా నూరేళ్ల కిందటి బాణం ఇంకా పదును తగ్గలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి!

సమాధానాల పేజీ మూసేయండి

ఆదివారం పజిల్ ముందు కూర్చున్న పిల్లల్ని గమనించండి. చూడగానే ఓ ఎత్తు తడుతుంది. ‘వచ్చేసింది!’ అని అరుస్తారు. వెంటనే చివరి పేజీ తిప్పుతారు. ‘నేనూ అదే అనుకున్నా’ అంటారు. ఇంకోటి... ఇంకోటి. గంటలో యాభై చేసేస్తారు. మరునాడు పోటీలో కూర్చుంటే ఒక్కటీ గుర్తురాదు.

సరైన పద్ధతి కాస్త కష్టంగానే ఉంటుంది. పావులను ముట్టుకోకూడదు. కదపడమంతా మనసులోనే. ముందు చెక్ చెప్పే ఎత్తులు చూడాలి. తర్వాత చంపే ఎత్తులు. ఆ తర్వాత బెదిరించేవి. ఎందుకంటే వీటికి ఎదుటివాడు జవాబు చెప్పక తప్పదు. ఆ జవాబు కూడా మనకు అనుకూలంగా ఉండేది కాదు, వాడు వేయగల అన్నింట్లోకీ గట్టిది వెతకాలి. ఎదుటివాడి పక్షాన నిజాయితీగా ఆలోచించడం... పజిల్ మొత్తంలో కష్టమైన పని ఇదే. బోర్డు బయట కూడా ఇంతే కష్టమేమో! లెక్క పూర్తయ్యాక జవాబంతా కాగితం మీద రాయాలి. అప్పుడు చివరి పేజీ తిప్పాలి. మొదటి ఎత్తు సరిగ్గా తట్టినా, పైఎత్తు చూడకపోతే తప్పు కిందే లెక్క. తప్పు చేసినవన్నీ ఓ నోటుపుస్తకంలో ఎక్కించి, నెలయ్యాక మళ్లీ చేయాలి.

పాత ఆటలను గుడ్డిగా మొక్కనక్కర్లేదు కూడా. ఆ కాలంలో ఎదురుదాడి విద్య ఇంతగా తెలియదు. ఇచ్చిన బలి తీసుకోవడమే మర్యాద అనుకునే రోజులు. ‘అమర క్రీడ’లోనూ నలుపు సరైన జవాబు చెప్పి ఉంటే అంత అందంగా ముగిసేది కాదని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. ఆ లోపం వెతకడం కూడా మంచి పజిలే.

గంట మోగదు

అయితే ఎన్ని పుస్తకాలు తిరగేసినా తీరని లోటు ఒకటుంది. ఈ కథ మొదట్లో ‘గెలిచేదీ నలుపే’ అన్న మాట ఉంది, గుర్తుందా? ఆ మాటలోనే సగం జవాబు ఉంది. ఇక్కడ ఏదో దాగి ఉందని తెలిశాక ఎవరైనా వెతుకుతారు. మాంటెకార్లోలో మార్కో చెవిలో ఆ మాట చెప్పినవాళ్లు లేరు. నిజం ఆటలో ‘ఇదిగో, ఇప్పుడు ఆలోచించు’ అని గంట మోగదు.

2024 డిసెంబర్ 12, సింగపూర్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ పధ్నాలుగో ఆట. అప్పటికి స్కోరు సమానం. ఇది డ్రా అయితే టైబ్రేక్. తెల్లపావులతో ఛాంపియన్ డింగ్ లిరెన్. నల్లపావులతో దొమ్మరాజు గుకేశ్. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలోని కుర్రాడు, పద్దెనిమిదేళ్లు. గుకేశ్‌కు ఓ బంటు ఎక్కువుంది. కానీ చూస్తున్నవాళ్లంతా ఇక డ్రాయే అనుకుంటున్నారు. గంటల తరబడి ఆడాక 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును మార్పిడికి ముందుకు తెచ్చాడు. మామూలు ఎత్తులాగే ఉంది.

ఆ తప్పును తాను కూడా వెంటనే గమనించలేదని గుకేశ్ తర్వాత చెప్పాడు. వేరే ఎత్తు వేయబోయి, ఆగి, మళ్లీ చూశాడు. మూలన ఉన్న డింగ్ బిషప్‌కు తప్పించుకునే దారి లేదు. ఏనుగులు మార్చుకుని, బిషప్‌లు కూడా మార్చుకుంటే రాజులు, బంట్లే మిగులుతాయి. అప్పుడు ఆ ఎక్కువ బంటే గెలిపిస్తుంది. మరో మూడు ఎత్తుల్లో ఆట ముగిసింది. చదరంగం చరిత్రలో అందరికన్నా చిన్న వయసు విశ్వవిజేత కళ్లనీళ్లు ఆపుకోలేకపోయాడు.

పుస్తకంలో అయితే ఆ ఘట్టం కింద ‘నలుపు ఆడి గెలవాలి’ అని రాసి ఉంటుంది. కాస్త ఆట వచ్చిన పిల్లలు కూడా చేసేయగలరు. సింగపూర్‌లో ఆ అక్షరాలు లేవు. చెయ్యి చాచబోయి ఆగడం... గుకేశ్ చేసిన గొప్ప పని అదే. పజిళ్లు నేర్పాల్సిందీ ఎత్తులు కాదు, ఆ ఆగడమే. అందుకే ఇంట్లో పిల్లలకు పజిల్ ఇచ్చేటప్పుడు అప్పుడప్పుడూ ‘గెలవాలి’ అన్న మాటను చేత్తో మూసేయండి. మధ్యమధ్యలో ఏ గెలుపూ లేని బోర్డు కూడా పెట్టండి. ‘ఇక్కడ ఏముంది?’ అని మాత్రం అడగండి. ‘ఏమీ లేదు’ అన్నది కూడా ఒక్కోసారి సరైన జవాబే. అయితే అది చూశాక చెప్పాలి, చూడకముందు కాదు.

మళ్లీ మాంటెకార్లోకి...

కాఫీ అయిపోయిందా? మార్కో తన బిషప్‌ను ఎలా కాపాడుకోవాలా అని చూశాడు. కదిలితే ఏనుగు పోతుందన్న భయం దగ్గరే ఆగిపోయాడు. నిజానికి దాన్ని కాపాడనక్కర్లేదు. తీసుకెళ్లి జి1లో, సరిగ్గా తెల్లరాజు పక్కనే పెడితే చాలు!

ఇప్పుడు చూడండి. బిషప్ పక్కకు తప్పుకోగానే నల్లఏనుగుకు ఎదురుగా తెల్లమంత్రి దొరికిపోయింది. అదే సమయంలో ఇ5లోని నల్లమంత్రి హెచ్2 బంటును చంపి ఆటకట్టు చేస్తానంటోంది. ఆ గడికి కాపలా జి1లో కూర్చున్న బిషపే. తెల్లమంత్రి ఆశపడి ఏనుగును చంపితే ఆటకట్టు. రాజు గానీ, ఏనుగు గానీ బిషప్‌ను చంపితే మంత్రి పోతుంది. తెల్లమంత్రి జి3కి వచ్చి అడ్డుపడితే డి1లో ఏనుగు గల్లంతు. ఎటు చూసినా నష్టం తెలుపుదే.

ఆ రోజు ఆ ఎత్తు ఎక్కడో దాక్కుని లేదు. మూడు గళ్ల దూరంలో కళ్లెదుటే ఉంది. ఎదుటివాళ్ల ఆటల్లో ఇలాంటివి వెతికి పెట్టే మార్కో, తన ఆటలో ఇంకొక్క నిమిషం కూర్చోలేకపోయాడు. పోపియెల్ ఆయన్ను ఓడించలేదు. ‘ఇక అయిపోయింది’ అన్న ఆలోచన ఓడించింది.

అందుకే ఈ బోర్డును వెంటనే పెట్టెలో సర్దేయకండి. సాయంత్రం పిల్లలు ఆడుకుని వచ్చాక పిలిచి చూపించండి. జవాబు చెప్పకండి. ‘ఈయన ఓడిపోయానని లేచి వెళ్లిపోయాడట, నిజమేనా చూడు’ అనండి... చాలు.